ఇరవై మూడు దొంగ మాటలు

శ్రీవారికి నమస్కారాలతో రాస్తున్నది.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, వంటింటి కిటికీలో కుండీలోని మొక్కా, కింద చెప్పుల షాపావిడా, ఆవిడ పిల్లీ. మీరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మీ ఉత్తరం పోయిన సోమవారం అందింది. దాంతోపాటు మడతపెట్టి పంపిన కాగితమూ అందింది. దాని సంగతి చివర రాస్తాను. మీరూ చివరే రాశారు కదా.

ఫోన్ చేస్తే సరిపోయేదానికి ఉత్తరమెందుకని మీరు అనుకోవచ్చు. ఫోన్‌లో మీరు మాట మార్చేస్తారు. "సరే గానీ, నీ మోకాలు ఎలా ఉంది?" అంటారు. నేను మోకాలి పురాణం మొదలుపెడతాను. ఫోన్ పెట్టేశాక, అడగాల్సింది అడగనే లేదని గుర్తొస్తుంది. కాగితం మీదైతే మీరు మధ్యలో అందుకోలేరు.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు చెప్పేస్తాను. మోకాలు ఫరవాలేదు. మెట్లు ఎక్కేటప్పుడు నొప్పి, దిగేటప్పుడు లేదు. కాబట్టి దిగుతున్నంతసేపూ నేను ఆరోగ్యవంతురాలినే. స్నానాల గది కుళాయి బాగుచేయించావా అన్నారు. ప్లంబరు మూడుసార్లు వస్తానని చెప్పి నాలుగోసారి వచ్చాడు. కుళాయి బాగుచేసి గోడ పాడుచేసి వెళ్లాడు. ఇప్పుడు గోడ బాగుచేసేవాణ్ని వెతకాలి. అమ్మాయి ఫోన్ చేస్తోందా అన్నారు. ఆదివారం ఆదివారం చేస్తోంది. ఆసుపత్రి ల్యాబులో దానికి మధ్యాహ్నం డ్యూటీ వేశారట, నీరసంగా ఉందంటోంది. మొన్న ఆదివారం అదే అడిగింది: "నాన్న పుస్తకం నీకు అందిందా అమ్మా? నీకు సర్‌ప్రైజ్ ఇస్తాను, చెప్పొద్దు అన్నారు. ఇంక చెప్పచ్చు కదా?"

"చెప్పచ్చులే," అన్నాను.

ఎలా ఉంది సర్‌ప్రైజ్ అని మీరు అడగలేదు. అయినా చెబుతాను. అది మీ చేతుల మీదుగా రాలేదు. మన లెక్కల మాస్టారి సంచిలోంచి వచ్చింది.

మాస్టారు గుర్తున్నారు కదా. మన క్రాస్‌వర్డ్‌లో తప్పు దొరికిన ప్రతిసారీ పత్రికాఫీసుకు పోస్టుకార్డు ముక్క రాసే ఆయన. పత్రికవాళ్లు పజిల్ పేజీ ఎత్తేస్తే, మీరు ఆ ఊరి పబ్లిషరు దగ్గర ఉద్యోగానికి వెళ్లాక కూడా ఆయన అప్పుడప్పుడూ వచ్చి పాత పజిళ్ల గురించి మాట్లాడి వెళుతున్నారు. మూడు వారాల కిందట ఒక పొద్దున్న, చెమటలు కక్కుతూ మెట్లెక్కి వచ్చారు.

"అమ్మా, సారు ఊళ్లో లేరని తెలుసు. అయినా సంతోషం పట్టలేక వచ్చాను. చూశారు కదా ఇది?" అని పుస్తకం బల్ల మీద పెట్టారు.

చూడలేదు. చూసినట్టు తల ఊపాను.

"ముప్పై ఎనిమిది వేల ఇంగ్లీషు మాటలమ్మా! ఎన్ని అక్షరాలో దాన్ని బట్టీ, చివర ఏ అక్షరాలో వాటిని బట్టీ వరసపెట్టి! ఒక్క మనిషి! అసలు ఈయన తిండి తిన్నాడా, నిద్రపోయాడా అని నాకు ఆశ్చర్యం."

"తిన్నారండీ. వేళకే తిన్నారు," అన్నాను.

అట్ట మీద మీ పేరు పెద్ద అక్షరాలతో ఉంది. లోపల ముందుమాట. 'ముప్పై ఏళ్లపాటు ఒంటరిగా, ఒక తపస్సులా సేకరించిన మాటలు' అని రాసుకున్నారు. చివర ఒక్క వాక్యం: 'నా ఇంటివారి ఓర్పుకు కృతజ్ఞతలు.' ఆ ఇంటివారు ఎవరా అని ఒక్క క్షణం ఆలోచించాను సుమండీ. ఓర్పుకు ఇంగ్లీషులో పేషెన్స్ అనే మాట ఉంది. ఎనిమిదక్షరాలు, చివర ఈ-ఎన్-సీ-ఈ. నాకెలా తెలుసంటే ఆ మాటని కార్డు మీదికి ఎక్కించింది నేనే.

నాకు కోపం తర్వాత వచ్చింది. ముందు సిగ్గేసింది. పరాయి మనిషి ఎదురుగా, నా మొగుడు నన్ను కాదన్న సంగతి నేను అప్పుడే చదివి తెలుసుకుంటున్నానని ఆయనకు తెలిసిపోతుందేమోనని సిగ్గు. మాస్టారికి టీ పెట్టి తెస్తానని లోపలికి వెళ్లి, స్టవ్ వెలిగించకుండా గిన్నె ముందు నిలబడ్డాను.

మీకు తెలిసిన సంగతులే మళ్లీ రాస్తున్నానని విసుక్కోకండి. మీ ముందుమాటలో అవి వేరే రకంగా ఉన్నాయి. అందుకని నాకు తెలిసిన ముందుమాట నేను రాస్తున్నాను.

పెళ్లైన కొత్తలో పత్రికవాళ్లు మీకు రోజువారీ ఇంగ్లీషు క్రాస్‌వర్డ్ తయారుచేసే పని ఇచ్చారు. మొదలుపెట్టడం మీరు బ్రహ్మాండంగా మొదలుపెట్టేవారు. మూలల దగ్గరకొచ్చేసరికి చిక్కుకుపోయేవారు. మొదటి అక్షరాలు తెలిస్తే నిఘంటువు తిరగేయొచ్చు. చివరి అక్షరాలు మాత్రమే తెలిస్తే అంత లావు నిఘంటువూ తలకింద పెట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. మీరు జుట్టు పీక్కుంటుంటే నేను అన్నాను, "నిఘంటువుని తోకవైపు నుంచి రాసుకుంటే పోలా?" అని. "గేదెని తోక పట్టుకుని ఇంటికి లాక్కొచ్చినట్టుంటుంది," అని మీరు నవ్వారు. మర్నాడు నేను మాటకొకటి చొప్పున కార్డులు కత్తిరించడం మొదలుపెట్టాను. "వద్దంటే వినవు కదా మొండీ!" అన్నారు. ఆ పేరే నాకు చాలా ఏళ్లు ఉండిపోయింది. మొండీ, టీ. మొండీ, నా కళ్లజోడు ఎక్కడ? ఇప్పుడు "ఇదిగో" అంటున్నారు. మీ ఉత్తరం కూడా 'ఇదిగో' అనే మొదలైంది.

పెట్టెలు కింద చెప్పుల షాపునుంచి తెచ్చాను. డబ్బా మీద ఏ నంబరుంటే అన్ని అక్షరాల మాటలు అందులో. ఐదో నంబరు డబ్బాలో ఐదక్షరాలవి, ఆరో నంబరులో ఆరక్షరాలవి. నాలుగో నంబరు పిల్లల చెప్పులవి, డబ్బాలు చిన్నవి, మాటలేమో కుప్పలు. పన్నెండో నంబరు కావాలని అడిగితే షాపావిడ, "అక్కా, ఈ ఊళ్లో అంత పాదం ఎవడికీ లేదు. కావాలంటే రెండు ఆర్లు అతికించుకో," అంది. అలాగే అతికించుకున్నాను. మొత్తం నూట పద్దెనిమిది డబ్బాలు. పడకగదిలో మీ బట్టల బీరువా ఉండాల్సిన గోడంతా అవే ఉండేవి. మీ చొక్కాలు తలుపు వెనక మేకులకు వేలాడేవి.

మీరు ముందుగదిలోంచి అరిచేవారు: "ఆరు! టీ-హెచ్-ఈ-ఆర్!"

నేను వంటింట్లోంచి చెప్పేదాన్ని: "గ్యాదర్, లాదర్, విదర్, ఈదర్! ఫాదరూ మదరూ మీకు తెలిసినవే!"

కింద షాపావిడ మొదట్లో మనం పోట్లాడుకుంటున్నామనే అనుకుందట. "మీ ఇంట్లో తిట్లు కూడా నంబర్లతోనా అక్కా?" అని అడిగింది. మీరు ఒక్కనాడూ ఆ డబ్బాల దగ్గరికి రాలేదు. రావలసిన అవసరం రాలేదు. అడిగేవారు, నేను చెప్పేదాన్ని. ఎసట్లో నీళ్లు మరుగుతున్నా, చంటిది ఏడుస్తున్నా చెప్పేదాన్ని. అది నాకు ఇష్టమైన పని కాబట్టి చెప్పేదాన్ని. బలవంతాన చేశానని ఇప్పుడు కొత్తగా కథ అల్లను. అంత మంచి పని నాకు జీవితంలో ఇంకోటి దొరకలేదు.

రెండో ఏడు జరిగిన గొడవ మీకు గుర్తుందో లేదో. నేను పురిటికి అమ్మ దగ్గరికి వెళ్లాను. ఇంట్లో మీరొక్కరే. కింది మూలలో ఆరక్షరాల మాట, చివర ఎన్-టీ-హెచ్ కావాల్సొచ్చింది. ప్లింత్ ఉంది గానీ అది పైన ఒకసారి వాడేశారు. డబ్బా తెరిచి చూసే ఓపిక లేదు, వేళ ముంచుకొస్తోంది. బ్లింత్ అని ఒక మాట మీరే పుట్టించారు. దానికి ఆధారం కూడా ముద్దుగా రాశారు: 'చల్లగాలికి కళ్లలో ఊరే నీరు'. మాస్టారి మొట్టమొదటి కార్డు ముక్క ఆ మాట మీదే వచ్చింది. సంపాదకుడు గారు, ఆ బట్టతల పెద్దాయన, మీ ఉద్యోగం ఊడబీకబోయారు. నేను నెలన్నర పసిదాన్ని చంకనేసుకుని ఆఫీసుకు వెళ్లి, "డబ్బాలో ఆ మాట కార్డు నేను రాసిందండీ, నాదే పొరపాటు," అన్నాను.

ఆయన నావైపూ మీవైపూ చూశారు. నమ్మలేదు. నమ్మినట్టు ఊరుకున్నారు. అప్పుడే ఆ మాట చెప్పారు. "అమ్మాయ్, నీ డబ్బాల సంగతి విన్నాను. జాగ్రత్త. మ్యాపులు గీసేవాళ్లు ఎక్కడో ఒకచోట లేని సందొకటి గీస్తారు, ఎవడైనా కాపీ కొడితే ఆ సందుతో పట్టేస్తారు. నువ్వూ ప్రతి పెట్టెలో ఒక దొంగని కూర్చోబెట్టు. ఎవరికీ చెప్పకు. మీ ఆయనకి కూడా చెప్పకు."

బయటికొచ్చాక మీరు, "వేస్తావా ఏంటి దొంగల్ని?" అని నవ్వారు.

"వేస్తే పట్టుకుంటారా?" అన్నాను.

"ఎప్పుడో ఒకరోజు తీరిగ్గా కూర్చుని అన్నిటినీ పట్టేస్తాను చూడు," అన్నారు.

ఇక మాస్టారి దగ్గరికి వస్తాను. టీ తాగుతూ ఆయన జేబులోంచి చీటీ తీశారు. "ఒకే ఒక్క అనుమానం అమ్మా. నూట నాలుగో పేజీ. ఆరక్షరాలు, చివర కే-ఈ-ఆర్. బ్యాంకర్, బ్రోకర్, కుక్కర్, లాకర్... అన్నీ సరే. వాకర్ పైన ఇదేంటి, తక్కర్? నా దగ్గరున్న నాలుగు నిఘంటువుల్లోనూ లేదు. సారు తప్పు చేయరు. నాకే తెలియదేమో."

పేజీ నా ముందుకు జరిపారు. తక్కర్ అక్కడ బుద్ధిగా కూర్చుని ఉంది.

"పాత మాట మాస్టారూ," అన్నాను. "ఒకప్పుడు వాడేవారు. ఇప్పుడెవరూ వాడటం లేదు."

ఆయన పెన్సిల్ తీసి అంచున 'పాత మాట' అని గుండ్రటి అక్షరాలతో రాసుకున్నారు. ఇన్నేళ్లలో ఆయన కళ్లబడి కూడా కార్డు ముక్క రాకుండా తప్పించుకున్న తప్పు అదొక్కటే. మీ పరువు కోసం ఆ పెద్దమనిషికి అబద్ధం చెప్పాను. రెండోసారి మీకోసం చెప్పిన అబద్ధమది. మొదటిదానికి మీరు రాత్రికి ఐస్‌క్రీమ్ తెచ్చారు.

మా కాపీని అమ్మాయి పట్టుకెళ్లిందని ఇంకో అబద్ధం చెప్పి, ఆయన పుస్తకం నాలుగు రోజులకు అడిగి తీసుకున్నాను. పగలంతా కిటికీ దగ్గర కూర్చుని, స్కేలు పెట్టుకుని వరస వరసా చదివాను. అప్పుడు దాచుకున్న సంగతి ఇప్పుడు చెబుతున్నాను వినండి. దొంగల్ని వేశాను. ఆ బట్టతల పెద్దాయన చెప్పిన మర్నాటినుంచే వేశాను. మొత్తం ఇరవై మూడు. మీ పుస్తకంలో ఇరవై మూడూ ఉన్నాయి. ఒక్కటి కూడా జారిపోలేదు.

కాపీ కొట్టినవాణ్ని పట్టుకోవడానికే అయితే ఏ పిచ్చి అక్షరాలో కలిపి రాసి పడేసేదాన్ని. నేను అలా చేయలేదు. మన ఇంట్లో తప్ప ఇంకెక్కడా లేని మాటలు తీసుకుని, వాటికి ఇంగ్లీషు అక్షరాలు తొడిగి, సరైన తోక ఉన్న డబ్బాలో పెట్టాను. తక్కర్ ఏమిటో తెలుసా? అమ్మాయికి రెండేళ్లప్పుడు కత్తెర అనడం వచ్చేది కాదు. నేను కార్డులు కత్తిరిస్తుంటే పక్కన కూర్చుని "తక్కెర ఇయ్యి, తక్కెర ఇయ్యి" అని ఏడ్చేది. మీరు దాన్ని భుజాల మీద ఎక్కించుకుని, "తక్కెర కావాలా నా తల్లికి, తక్కెర?" అని గదంతా తిప్పేవారు. ఆర్నెల్లపాటు మన ఇంట్లో కత్తెరని కత్తెర అన్నవాళ్లు లేరు.

మీరు తీరిగ్గా కూర్చుని పట్టేస్తానన్నారు కదా, ఆ రోజు కోసం పెట్టాను అవన్నీ. ఏదో ఒకనాడు నేను వంటింట్లో ఉండగా మీరు డబ్బా తెరుస్తారు, లాకర్ దాటి తక్కర్ దగ్గర ఆగుతారు, గోడవతలనుంచి మీ నవ్వు వినిపిస్తుంది అనుకునేదాన్ని. చాలా ఏళ్లు ఎదురుచూశాను. తర్వాత ఎదురుచూడటం మర్చిపోయాను, వేయడం మాత్రం మానలేదు.

పోయినేడు మీరు ఫోన్ చేసి, "ఆఫీసులో ఒక చిన్న పనికి తోకలు చూసుకోవాలి, పెట్టెలు పంపు, వారంలో తిప్పి పంపించేస్తాను," అన్నారు. పంతొమ్మిది అట్టపెట్టెల్లో సర్ది, నేనూ షాపావిడా కలిసి రెండంతస్తులు దించాం. మీరు ప్రతి ఉత్తరంలోనూ అడిగే మోకాలి నొప్పి అప్పుడు పట్టుకున్నదే. ఏడాదైంది. గోడకు డబ్బాలు ఉన్నచోట రంగు వెలిసిపోకుండా చతురస్రాలు చతురస్రాలుగా ఉంది. షాపావిడకి సంగతి చెప్పాను, ఎవరికో ఒకరికి చెప్పకపోతే తల పగిలేట్టుంది. ఆవిడ చెప్పు చేత్తో పట్టుకునే, "సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే అక్కా," అంది. తర్వాత, "డబ్బాలైనా తిరిగొస్తాయా?" అంది. ఆవిడ బాధ ఆవిడది.

మీరు దొంగతనం చేశారని నేను అనడం లేదు. అడిగి ఉంటే ఇచ్చేదాన్ని. "నా పేరు ఒక్కటే వేసుకుంటాను మొండీ," అని ఒక్క మాట అన్నా ఊ అనేదాన్నేమో, నా సంగతి మీకు తెలుసు. కానీ నా చేతిరాతతో ఉన్న ముప్పై ఎనిమిది వేల కార్డులు మీ బల్ల మీద ఏడాదిపాటు ఉన్నాయి. పబ్లిషరు దగ్గర టైపు కొట్టే అమ్మాయికి తక్కర్ ఏమిటో తెలియదు, ఆమె తప్పు లేదు. మీరు ఒక్క డబ్బా అయినా చదివి ఉంటే ఎక్కడో ఒకచోట ఆగేవారు. మీరు తీసుకున్నందుకు కాదు నాకు దుఃఖం. చదవకుండా తీసుకున్నందుకు.

ఇంకా నమ్మబుద్ధి కాకపోతే నూట ముప్పై ఒకటో పేజీ తీయండి. ఆరక్షరాలు, చివర ఎన్-టీ-హెచ్. ప్లింత్ పైన బ్లింత్ ఉంటుంది. నేను వేసిన మొదటి దొంగ అదే. అది మీ మాటేనండీ. మీరు పుట్టించింది. ఉద్యోగం పోగొట్టబోయిన మాట మీ సొంత పుస్తకంలో కూర్చుంటే మీరే గుర్తుపట్టలేదు. అది చూసి నేను గట్టిగా నవ్వాను. తర్వాత కళ్లు తుడుచుకున్నాను. కిటికీ తెరిచి ఉంది లెండి, చల్లగాలి.

ఇక మీ కాగితం. మాస్టారు వచ్చి వెళ్లాక రెండు వారాలపాటు, మీ అంతట మీరు చెబుతారని చూశాను. ఉత్తరం వచ్చింది. నాలుగు పేజీల్లో మూడున్నర మీ గది గురించీ, పెద్ద కిటికీ గురించీ, అక్కడి రొట్టెలు గట్టిగా ఉంటాయనీ. చివరి అరపేజీలో పుస్తకం. 'పబ్లిషరు అట్ట మీద ఒక్క పేరే ఉంటే బాగుంటుందన్నాడు. మనిద్దరికీ వేరే వేరే పేర్లేమిటి చెప్పు?' అని రాశారు. నిజమే. వేరు కాకపోతే ఆ ఒక్కటీ నాది వేయించాల్సింది.

తర్వాత: 'దీంతో ఒక చిన్న కాగితం పెడుతున్నాను. ఉత్త ఫార్మాలిటీ. చదవక్కర్లేదు. ఇరవయ్యో తారీకులోపు సంతకం పెట్టి పంపేయ్. రెండో ముద్రణ బడులకు వెళ్తోంది.'

ఇల్లు మారినప్పుడు, బ్యాంకులో, అమ్మాయి బడిలో, మీరు వేలు పెట్టి చూపించిన చోటల్లా చదవకుండా సంతకం పెట్టినదాన్ని నేను. దీన్ని మాత్రం చదివాను. 'ఈ గ్రంథంలోని మాటల సేకరణలో గానీ, అమరికలో గానీ నాకు ఎటువంటి పాత్రా లేదు' అని ఉంది. హక్కు లేదని రాసి ఉంటే పెట్టేదాన్ని. హక్కు ఎవరికి కావాలి? పాత్ర లేదని ఎలా పెట్టమంటారు? ముప్పై ఏళ్లు ఆ వంటింట్లోంచి మీకు జవాబు చెప్పింది ఎవరని అడిగితే ఏం చెప్పను, కుక్కరనా?

సంతకం పెట్టలేదు. కాగితం ఖాళీగానే తిరిగి పంపుతున్నాను. దాని వెనకవైపు మాత్రం ఇరవై మూడు మాటలూ, పేజీ నంబర్లతో సహా రాశాను. బడి పిల్లల చేతికి లేని మాటలు వెళ్లకూడదు. మీ మీద ఎంత కోపమున్నా పని మీద నాకు కోపం లేదు. వాటిని తీయించేయండి. రేపు పొద్దున్నే మాస్టారి ఇంటికి వెళ్లి తక్కర్ పాత మాట కాదని చెబుతాను. ఆయన పుస్తకం ఆయనకి తిరిగిచ్చినప్పుడు చెప్పలేకపోయాను. ఎందుకు అబద్ధం ఆడారమ్మా అంటే, అదీ చెబుతాను. ఆయన ఊరుకోరు, పబ్లిషరుకు కార్డు ముక్క రాస్తారు. ఆ కార్డు కన్నా ముందే మీరు వాళ్లకు చెబితే మంచిది.

తీయించేముందు ఒక్క పని చేయండి. ఇరవై మూడింట్లో రెండింటి సంగతి చెప్పేశాను. మూడోది అరవై ఒకటో పేజీలో ఉంది. ఐదక్షరాలు, చివర ఎన్-డీ-వై. అది మీరు ఒకప్పుడు నన్ను పిలిచిన పేరు, అదీ చెప్పేసినట్టే. మిగిలినవి ఇరవై. ఎవర్నీ అడక్కుండా, అమ్మాయికి ఫోన్ చేయకుండా, ఆ ఇరవైలో ఏ ఒక్కదానికైనా అర్థం రాసి పంపండి. ఒక్కటి చాలు. మీరు అడిగిన కాగితం మీద, మీరు అడిగిన చోట, పాత్ర లేదనే సంతకం పెట్టేస్తాను. ఇది ఒట్టు. ఇరవయ్యో తారీకుదాకా చూస్తాను.

రాయలేకపోతే నాకు జవాబు అక్కర్లేదు. డబ్బాలు మాత్రం పంపండి, షాపావిడ అడుగుతోంది.

చలి మొదలైందని రాశారు. ఉన్ని చొక్కా మీ బట్టల పెట్టె అడుగున ఎడమవైపు ఉంది. మాత్రలు వేళకు వేసుకోండి. రెండో ముద్రణలో ఆ మాటలు పోయాక మీ పుస్తకంలో నేను ఆ మాత్రం కూడా ఉండను. అందుకని ఈ ఒక్కసారికి, ఉన్నచోటి నుంచే సంతకం పెడుతున్నాను.

ఇట్లు,
మొదటి ముద్రణ, అరవై ఒకటో పేజీలో,
హ్యాండీకీ శాండీకీ మధ్య ఉన్న
మీ భార్య